బిడ్డకు మగ్గం పట్టిందని బెల్లం పంచిన రోజు

ఇందూ, మొన్న నువ్వు సూరత్ నుంచి ఫోను చేసి, కడుపులో బిడ్డ బాగా ఎగురుతోందని చెప్పినప్పుడు నేను నవ్వాను గదా. మీ నాయన పనిచేసే పవర్‌లూం షెడ్డు పక్కనుంచి పోతే చాలు, కాళ్లు కొట్టుకుంటోందని చెప్పావు. నీ తమ్ముడు మధు పక్కనుంచి, "వాడు పుట్టకముందే కూలికి పోతానంటాండాడు జేజీ" అని అరిచాడు. దానికీ నవ్వాను. ఫోను పెట్టేశాక అన్నం పళ్లెం జరిపేశాను. మీ జేజినాయన నా మొహం చూసి, ఏమైందని అడిగాడు. ఏమీ లేదనబోయి ఆగిపోయాను. ఈ ఇంట్లో ఆ మాట అనకూడదని మేం పెట్టుకుని చాలా నెలలైంది. ఎందుకు పెట్టుకున్నామో నీకు చెప్పాలి. అందుకే ఇది రాస్తున్నాను. మధుకు కూడా చదివి వినిపించు. మగపిల్లాడికెందుకులే అనుకోవద్దు.

నా కూతురు, మీ సుజాతత్త సంగతి మీకు సగమే తెలుసు. ఆపరేషన్ అయింది, ఆడబిడ్డ, కొంచెం బరువు తక్కువ, ఆసుపత్రిలో పెట్టుకున్నారు. ఫోనులో అంతవరకే చెప్పాం. మీ నాయన పని వదిలి పరిగెత్తుకొస్తాడని మిగతాది దాచాం. ఇప్పుడు చెప్పగలుగుతున్నానంటే అంతా కుదుటపడిందని కాదు. ప్రాణం ఉంటుందా పోతుందా అనే భయం మాత్రం దాటాం.

పోయినేడు మాఘమాసంలో సుజాతను పురిటికి పిలిపించుకున్నాం. పెళ్లయిన ఎన్నో ఏళ్లకు నిలిచిన కడుపు అది. అంతకుముందు రెండుసార్లు నిలిచి, జారిపోయింది. కమలాపురం నుంచి వాళ్లత్త జయమ్మే స్వయంగా దిగబెట్టడానికి వచ్చింది. పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, బిడ్డను చూసుకోమని చెప్పలేదు, మా కోడల్ని చూసుకో వదినా అని చెప్పింది. ఆమె మంచిదే. ముందు ముందు ఆమె అన్న మాటలు చెప్పినప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

మన ఇల్లు మీరు చిన్నప్పుడు చూసిందే. మైదుకూరు పక్కన మగ్గాల వీధి. ముందు గదంతా గుంటమగ్గమే. మీ జేజినాయన గుంటలోకి కాళ్లు దింపి కూర్చుని నేస్తుంటే, దెబ్బ దెబ్బకూ గోడనున్న గిన్నెలు అదురుతాయి. సుజాత ఆ గోడకే ఆనుకుని రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. వద్దంటే వినేది కాదు, ఊరికే కూర్చుంటే పొద్దు పోదనేది.

మన వీధిలో ఒక ఆట ఉంది. నెలలు నిండే పిల్లను మగ్గం పక్కన కూర్చోబెట్టి, నేసేవాళ్లు నాలుగు దెబ్బలు గట్టిగా వేస్తారు. లోపల బిడ్డ ఉలిక్కిపడి ఎగురుతుంది. చీర మీదనుంచే కనబడుతుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వుతారు. నెల దగ్గరపడే కొద్దీ బిడ్డ ఎగరడం తగ్గితే, మగ్గం పట్టింది అంటారు. అంటే చప్పుడు అలవాటైపోయింది, ఇక ఈ ఇంటి బిడ్డ అయిపోయింది, నిమ్మళంగా నిద్రపోతోంది అని. ఆ రోజు వీధిలో బెల్లం, బొరుగులు పంచుతారు. మీ నాయన నా కడుపులో ఉన్నప్పుడు మా అత్త పంచింది. సుజాత ఉన్నప్పుడూ పంచింది. ఇద్దరూ బాగానే పుట్టారు. కాబట్టి ఆ మాట నిజమా కాదా అని అడగాలనే ఆలోచన ఎవరికీ రాలేదు.

సుజాత బిడ్డ మొదట్లో బాగా ఎగిరేది. మీ జేజినాయన మగ్గంలోంచి తల తిప్పకుండానే, "ఏమ్మే సుజాతా, లోపలుండే ఆయప్పకు కూలి ఎంతియ్యాలో అడుగు" అనేవాడు.

"నీ దెబ్బకు నిద్ర పట్టల్యాదంట నాయనా. నువ్వే ఎదురు కూలి కట్టాలంటాండాడు" అనేది సుజాత.

అంత నోరున్న పిల్ల. ఆ మాట కూడా గుర్తుపెట్టుకోండి.

శివరాత్రి దాటాక ఎగరడం తగ్గింది. ఒక్కసారిగా కాదు. ముందు మగ్గం దెబ్బకు కాళ్లు జాడించడం పోయి, మెల్లగా పొర్లడం మాత్రం మిగిలింది. తర్వాత సుజాత అన్నం తిని పక్కకు తిరిగి పడుకుంటేనే కొంచెం కదిలేది. కడుపు కూడా ముందరిలాగా ఎత్తుగా లేదు, బిగిసినట్టుంది. బిడ్డ కిందికి దిగిందని వీధిలో పెద్దవాళ్లు చెప్పారు. ఒకరోజు సాయంత్రం మీ జేజినాయన నాలుగు దెబ్బలు వేసి చూశాడు. లోపల కదలిక లేదు. ఇంకా గట్టిగా వేశాడు. సుజాత రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని కాసేపు కళ్లు మూసుకుంది. "మగ్గం పట్టినట్టుండాది నాయనా" అంది. ఆ మొహంలో అంత నిమ్మళం పెళ్లయినప్పటి నుంచీ నేను చూడలేదు.

ఆ సాయంత్రమే బెల్లం కొట్టి బొరుగుల్లో కలిపాం. పళ్లెం పట్టుకుని వీధంతా తిరిగాను. సుజాత వాకిట్లో కూర్చుని వచ్చిన పిల్లలకు దోసిళ్లతో పోసింది. జయమ్మకు ఫోను చేసి చెప్తే ఆమె కూడా పొంగిపోయింది. వాళ్లదీ మగ్గాల ఇల్లే, ఆమెకూ ఆ మాట తెలుసు.

తర్వాత నాలుగైదు రోజులకు మైదుకూరు ఆసుపత్రిలో చూపించుకునే రోజు వచ్చింది. ఎప్పుడూ పోయినట్టే ఆటోలో నవ్వుకుంటూ పోయాం. అక్కడ సిస్టరు కడుపు మీద మిషను పెట్టి వింటూ, బిడ్డ ఎప్పుడు కదిలిందమ్మా అని అడిగింది. సుజాత గొప్పగా, మగ్గం పట్టింది సిస్టర్, నిమ్మళంగా ఉండాది అని చెప్పింది. ఆమె మళ్లీ అడిగింది. సుజాత ఆలోచించింది. ఆ ఆలోచించడంలోనే ఆమె మొహం మారిపోవడం నేను చూశాను. నిన్నో మొన్నో అని చెప్పబోయి, ఏ రోజో చెప్పలేకపోయింది.

సిస్టరు చేతిలోని మిషను పక్కన పెట్టింది. లోపలికి పోయి డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. ఆమె కూడా విని, కడప పెద్దాసుపత్రికి ఇప్పుడే పోవాలంది. ఇంటికి పోయి బట్టలు తెచ్చుకుంటామంటే వద్దంది.

అంబులెన్సులో దారి పొడవునా సుజాత కడుపును మెల్లగా తడుతూ, "ఎగురు నాయనా, ఒక్కసారి ఎగురు" అని అంటూనే ఉంది. నేను చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. అద్దంలోంచి ఎండిన చేలు పోతూ ఉన్నాయి.

కడపలో కడుపుకు పట్టీ కట్టి బిడ్డ గుండె చప్పుడు అందరికీ వినబడేలా పెట్టారు. మొదట వినగానే ప్రాణం లేచొచ్చింది, బిడ్డ ఉందని. తర్వాత ఆ చప్పుడు నెమ్మదించింది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం పెరిగింది. మగ్గం మీద మనిషి అలిసిపోతే ఎట్లా వినబడుతుందో నాకు తెలుసు. మళ్లీ కొంచెం పుంజుకుంది. మళ్లీ నెమ్మదించింది. డాక్టరమ్మ మా వైపు చూడకుండా ఆ మిషను వైపే చూస్తూ, ఆపరేషన్‌కు సిద్ధం చెయ్యమని చెప్పింది. అప్పటికి కమలాపురం నుంచి సుజాత మొగుడు చంద్ర వచ్చాడు. సంతకం పెట్టేటప్పుడు తన పేరు తానే తప్పు రాసి కొట్టేశాడు.

బయట వరండాలో నిలబడ్డాం. ఒక ఏడుపు వినబడింది. చంద్ర నా భుజం పట్టుకున్నాడు. ఆ ఏడుపు మా బిడ్డది కాదని తర్వాత తెలిసింది. మా బిడ్డ ఏడవలేదు. ఉమ్మనీరు పచ్చగా ఉందనీ, ఉన్నది కూడా చాలా తక్కువనీ, బిడ్డ ఊపిరి తీసుకోలేదనీ, గొట్టం వేసి ఊపిరి పోస్తున్నారనీ ఎవరో చెప్పారు. ఆడబిడ్డ అని కూడా చెప్పారు. దాన్ని చివర్న చెప్పారు.

బిడ్డను చిన్నపిల్లల ఐసీయూలో పెట్టారు. దాని ముందు వరండానే మా ఇల్లయింది. అక్కడ బనగానపల్లె నుంచి వచ్చిన ఖాసింబీ అని ఒకామె ఉండేది. ఆమె కూతురి కొడుకు కూడా ఆ గదిలోనే ఉన్నాడు. నేను చాప కూడా లేకుండా వట్టి నేల మీద కూర్చుంటే, తన చాప సగం ఖాళీ చేసి చేత్తో తట్టింది. కూర్చోమని నోటితో చెప్పలేదు. జొన్నరొట్టె తుంచి నా చేతిలో పెట్టింది. తిననంటే, "నువ్వు పడిపోతే లోపలుండే చిట్టితల్లిని ఎవరు ఎత్తుకుంటారక్కా" అంది. తిన్నాను.

నాకు అన్నిటికంటే కష్టమైంది బిడ్డను చల్లగా పెట్టడం. తలుపు సందులోంచి చూశాను. ఒంటి మీద నూలుపోగు లేదు. కింద చల్లటి పరుపు. ఎక్కడ చూసినా గొట్టాలు. పుట్టిన బిడ్డను పాత మెత్తటి గుడ్డలో చుట్టి గుండెకు హత్తుకోవడం తప్ప ఇంకేం తెలుసు మనకు. మీ జేజినాయన నేసిన చీరనే ఉతికి ఉతికి మెత్తబరిచి, చింపి దాచిపెట్టాను. దాన్ని మన వీధివాళ్లతో తెప్పించుకుని చేతిలో పట్టుకుని పోయాను. సిస్టరు నా చేతులు పట్టుకుని ఆపింది. ఇప్పుడు వెచ్చగా ఉంచితే మెదడుకు దెబ్బ పెరుగుతుందవ్వా, కొన్నాళ్లు చల్లగానే ఉండాలి అని చెప్పింది. ఆ గుడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చల్లగా పడుకున్న బిడ్డను చూసి, బతికున్న బిడ్డే గదా అని మళ్లీ మళ్లీ అడిగాను.

ఒక మధ్యాహ్నం చిన్నపిల్లల డాక్టరమ్మ బయటికొచ్చి, నా పక్కన చాప మీదే కూర్చుంది. చిన్న వయసు. మాట విని ఈ పక్కదే అనుకున్నాను. లోపల అసలు ఏమైందో చెప్పమని అడిగాను. ఆమె చెప్పిన మాటలు నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

"బిడ్డకు గాలి బొడ్డుతాడుకుండే మాయలోంచే రావాలవ్వా. సుజాతకు ఆ మాయ సరిగ్గా పనిచేయకుండా పోతా వచ్చింది. గాలి తక్కువైతే బిడ్డ ఊరికే ఉండదు. ఉన్న గాలిని ఖర్చు చేసుకోకుండా మొదట కాళ్లూ చేతులూ ఆడించడం మానుకుంటాది. పేగులకు, మూత్రపిండాలకు, చర్మానికి పోయే రక్తం తగ్గించుకుని తలకాయకు, గుండెకు మళ్లించుకుంటాది. మూత్రం తక్కువ పోస్తాది, దాంతో ఉమ్మనీరు తగ్గుతాది. గుండె గూడా నెమ్మదిస్తాది. అట్ల తనంతట తాను శానా కాపాడుకుంటాది. అప్పటికీ గాలి రాకుంటే, తలకాయకు గూడా చాలకుండా పోతాది."

ఒళ్లోని గుడ్డను మడతపెట్టాను. తర్వాత అడిగాను. "కరువులో బాయి అడుగంటితే మేము మొదట చేనుకు ఆపుతామమ్మా. తర్వాత గొడ్లను తోలేస్తాం. ఆఖరున మిగిలిన బిందె పిల్లలకని మూత పెట్టుకుంటాం. అట్లనా?"

"అట్లనే అవ్వా" అంది.

ఆమె లేచి పోయాక ఆ చాప మీద నాకు ఒకటే కనబడింది. పళ్లెంలో బెల్లం, బొరుగులు. లోపల అది ఆఖరి బిందె మూత పెట్టుకుని కూర్చున్న రోజున, బయట మేం పండుగ చేసుకున్నాం.

చల్లబరిచింది తీసేసి మెల్లగా వెచ్చబరిచేటప్పుడు బిడ్డకు ఫిట్స్ వచ్చాయి. చిన్న చెయ్యి ఒకటే అదిరేది. ఆ రోజుల్లోనే ఖాసింబీ మనవడు పోయాడు. లోపలినుంచి గుడ్డలో చుట్టి తెచ్చి ఇచ్చారు. ఆమె ఏడవకుండా వాణ్ణి అల్లుడి చేతుల్లో పెట్టి, వెనక్కి వచ్చి, చాప దులిపి నా పక్కన పరిచింది. టీ పోసుకునే ఫ్లాస్కు కూడా అక్కడే పెట్టింది. "నీకింకా పనుండాదక్కా. నాకు లేదు" అని పోయింది. ఆ చాప ఇప్పటికీ మన ఇంట్లో ఉంది. ఆమె ఊరు తెలుసు గానీ ఇల్లు తెలియదు. బనగానపల్లె మామిడిపండ్లు బండి మీద కనబడితే నేను కొనకుండా పక్కకు పోతాను.

ఉగాది ఆ వరండాలోనే గడిచింది. జయమ్మ వచ్చింది. మనవరాలిని చూసి బయటికొచ్చి, నా ఎదురుగా నిలబడి అంది. "ఆ మగ్గం పక్కన కూచోబెట్టి కూచోబెట్టి నా బిడ్డ తల అదరగొట్టినారు. నేను తెచ్చి మీ చేతుల్లో పెడితి." మీ జేజినాయన అక్కడే ఉన్నాడు. చప్పుడుకూ దీనికీ సంబంధం లేదనీ, చెడింది మాయేననీ డాక్టరమ్మ పిలిచి చెప్పింది. జయమ్మ తల ఊపింది గానీ నమ్మలేదు. నమ్మితే ఇంకెవరినీ అనడానికి ఉండదు గదా. ఆ బెల్లం సంగతి ఫోనులో విని సంతోషించిన వాళ్లలో తానూ ఉన్నానని ఆమెకూ గుర్తుంది. ఆ కోపం అందుకే అంత గట్టిగా వచ్చిందని నేను అనుకుంటాను.

మీ జేజినాయన ఆ పొద్దే ఇంటికి పోయాడు. సగం నేసిన చీర మగ్గం మీద ఉండగానే దుప్పటి కప్పేశాడు. మన ఇంట్లో మగ్గానికి దుప్పటి కప్పేది చావు జరిగినప్పుడే. వీధిలో చూసినవాళ్లు బిడ్డ పోయిందనుకుని పలకరించడానికి వచ్చారు. లేదు, ఉంది అని చెప్పడానికి కూడా ఆయన నోరు తెరవలేదంట.

వైశాఖంలో బిడ్డను ఇంటికి తెచ్చుకున్నాం. చంద్ర నాన్నమ్మ పేరు కలిసేలా మల్లిక అని పెట్టారు. పాలు చీకడం రాదు. పిండిన పాలు ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కగా పొయ్యాలి. తొందరపడితే ఊపిరికి అడ్డం పడుతుంది. మందులు వేళకు వెయ్యాలి. ఒళ్లు బిగుసుకుంటే సాగదియ్యాలి. సుజాత అన్నీ నేర్చుకుంది. ఒక్కటి తప్పలేదు. చూడ్డానికొచ్చిన ప్రతి ఒక్కరూ అదే మాట అన్నారు: ఎంత గట్టి పిల్ల, రాయి మాదిరి నిలబడింది, ఒక్క కన్నీటి చుక్క లేదు. జయమ్మ కూడా అంది. నాకు కూడా లోపల గర్వంగానే ఉండేది.

మెల్లగా సుజాత వాకిట్లోకి రావడం తగ్గింది. ఫోను మోగితే తియ్యదు. మీ అమ్మ చేసినప్పుడు కూడా నాకే ఇచ్చేది. తల దువ్వుకోదు. చంద్ర వచ్చి కూర్చుంటే బిడ్డ ఎంత తాగిందో చెప్పి ఊరుకుంటుంది. నాయనతో పోట్లాడే నోరు ఎటు పోయిందో తెలియదు. అన్నం పెడితే సగం తిని పళ్లెం జరిపేస్తుంది.

ఒకరోజు పక్కింటి ఓబులమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ, "సుజాత నిమ్మళించిందిలే వదినా. అలవాటు పడిపోయింది" అంది. మంచి మనసుతోనే అంది.

నా చేతిలోని చింతపండు అట్లాగే ఉండిపోయింది. అదే మాట. మగ్గం దెబ్బకు కదలని బిడ్డను గురించి మేమంతా అన్న మాట. డాక్టరమ్మ చెప్పింది ఒక్కొక్కటే గుర్తొచ్చింది. మొదట కాళ్లూ చేతులూ ఆపుకుంటుంది. తర్వాత ఒక్కొక్క దానికి పోయేది తగ్గించుకుంటుంది. గుండెకూ తలకూ మాత్రం ఉంచుకుంటుంది. సుజాత కూడా వాకిలి మానుకుంది, ఫోను మానుకుంది, మాట మానుకుంది, తిండి మానుకుంటోంది. ఉన్న కాస్త బిడ్డకు మళ్లిస్తోంది. మేం దానికి గట్టితనమని పేరు పెట్టి మెచ్చుకుంటున్నాం.

లేచి లోపలికి పోయాను. బిడ్డ నిద్రపోతోంది. సుజాత పక్కన కూర్చుని గోడవైపు చూస్తోంది. ఏమైంది పాపా అని అడిగాను. ఏమీ లేదమ్మా అంది. ఎప్పుడైనా అయితే లేచి పోయేదాన్ని. అప్పుడు పోలేదు. ఆమె తల నా ఒళ్లోకి లాక్కుని చిక్కులు తీయడం మొదలుపెట్టాను. మళ్లీ అడిగాను. ఏమీ లేదంది. దువ్వుతూనే ఉన్నాను. చిక్కులు సగం తీసేసరికి ఆమె గోడవైపే చూస్తూ మాట్లాడింది.

"ఆ పొద్దు పంచిన బెల్లం నేను గూడా తింటినమ్మా. శానా బాగుండాదని రెండోతూరి పెట్టిచ్చుకుని తింటి. లోపల అది గాలి లేక అల్లాడతాంటే, నేను బెల్లం తింటా కూచున్న్యా."

దువ్వెన ఆగిపోయింది. అప్పుడు గడప దగ్గర అలికిడైంది. మీ జేజినాయన నిలబడి ఉన్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ అవునూ కాదూ తప్ప ఆయన మాట మేం వినలేదు.

"దెబ్బ ఏసింది నేను" అన్నాడు. "కదల్ల్యాదని సంతోషపడింది నేను. బెల్లం తెచ్చింది నేను. నువ్వొక్కదానివే ఎత్తుకోబాకమ్మా. నాకు గూడా ఉండనీ."

సుజాత అప్పుడు ఏడ్చింది. వీధి వీధంతా వినబడేలా ఏడ్చింది. ఓబులమ్మ పరిగెత్తుకొచ్చింది. ఊరుకోబెట్టడానికి చెయ్యి చాపితే, నేనే ఆ చెయ్యి పట్టుకుని ఆపాను. ఏడవనియ్యి, ఇది మంచి చప్పుడే అన్నాను. బిడ్డ కూడా లేచి ఏడవడం మొదలుపెట్టింది. ఏమీ లేదనే మాట ఈ ఇంట్లో అనకూడదని ఆ రోజే పెట్టుకున్నాం.

ఏడుపుతోనే అంతా సర్దుకుందని మీకు చెప్పను. బిడ్డకు కసరత్తులు నేర్పించడానికి కర్నూలుకు పోతుంటే, అక్కడే సుజాతనూ ఒక డాక్టరుకు చూపించాం. కాన్పు తర్వాత తల్లులకు ఇట్లా వస్తుందనీ, దీనికి మందు ఉందనీ, మాటతో కూడా నయమవుతుందనీ ఆయన చెప్పాడు. వాళ్ల కోడలికి పిచ్చి అంటారని జయమ్మ భయపడింది. చంద్ర మొదటిసారి వాళ్లమ్మకు ఎదురు చెప్పాడు. బిడ్డకొక డాక్టరున్నప్పుడు తల్లికొకరుంటే ఏమైందమ్మా అన్నాడు. ఆమె ఊరుకుంది. ఇప్పుడు నెలకోసారి రాగిపిండి పట్టుకుని వచ్చి, మనవరాలి కాళ్లు ఒళ్లో పెట్టుకుని మెల్లగా సాగదీస్తుంది. ఆ రోజు అన్న మాటను వెనక్కి తీసుకోలేదు. మేమూ అడగలేదు.

మల్లికకు ఇప్పుడు ఏడాది దాటింది. దసరాకు మెడ నిలబెట్టింది. ఇంకా కూర్చోలేదు. కుడి చెయ్యి పిడికిలి విప్పదు. నడుస్తుందా అని అడిగితే కర్నూలులో ఎవరూ మాటివ్వరు. ఇయ్యలేం అవ్వా, చూద్దాం అంటారు. వాళ్లు అబద్ధం చెప్పనందుకు నాకు గౌరవమే గానీ, ప్రతిసారీ బస్సులో మైదుకూరు దాకా సుజాత ఆ పిడికిలినే నిమురుతూ కూర్చుంటుంది.

మగ్గం మీది దుప్పటి సుజాతే తీసింది. ఇట్లాంటి పిల్లలకు చెవులు కూడా సరిగ్గా వినబడకపోవచ్చని, చూసుకోవాలని డాక్టర్లు చెప్పారు. పరీక్షకు ఇంకా రోజులున్నాయి. ఆమె ఆగలేకపోయింది. బిడ్డను ఎత్తుకొచ్చి ఆ గోడకే ఆనుకుని కూర్చుంది. "ఒక దెబ్బ ఏయి నాయనా" అంది. మీ జేజినాయన మగ్గం మీది దుమ్ము తుడిచాడు. గుంటలోకి దిగి కూర్చుని కూడా చాలాసేపు వెయ్యలేదు. చివరికి వేశాడు. బిడ్డ ఉలిక్కిపడి, మొహం ముడుచుకుని గట్టిగా ఏడ్చింది. మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఎవరమూ బెల్లం మాట ఎత్తలేదు. సుజాత బిడ్డను భుజాన వేసుకుని, "సాల్లే నాయనా, ఇనపడింది దానికి. మళ్లీ ఏస్తే నువ్వే ఎత్తుకోవాల" అంది. అన్ని నెలల తర్వాత ఆయనకు ఎదురు చెప్పింది.

ఇందూ, షెడ్డు దగ్గరికి పోవద్దని నేను చెప్పడం లేదు. చప్పుడు మా బిడ్డను ఏమీ చెయ్యలేదు. రోజూ ఒకసారి ఎడమపక్కకు తిరిగి పడుకుని, దాని కదలికను గమనించుకో. నెలలు నిండే కొద్దీ చోటు చాలక దాని తీరు మారొచ్చు గానీ, కదలడం మాత్రం తగ్గకూడదని డాక్టరమ్మ నాకు చెప్పింది. తగ్గిందనిపిస్తే మెచ్చుకోవద్దు. ఎవరినీ అడగొద్దు, పెద్దవాళ్లను అసలే అడగొద్దు, నన్ను కూడా అడగొద్దు. లేచి ఆసుపత్రికి పో. అంతా బాగుంది, ఊరికే వచ్చావని వాళ్లు పంపించేస్తే నవ్వుకుంటూ ఇంటికి రా. పదిసార్లు ఊరికే పోయినా సిగ్గు లేదు. మధూ, అక్క మొహమాటపడితే నువ్వు పిలుచుకుపో.

ఇంకొకటి. ఈ మధ్య నువ్వు ఫోనులో మాట్లాడే మాటలు తగ్గుతున్నాయి. ముందు అత్త మీద, నీళ్ల మీద, ఎండ మీద అన్నిటి మీదా గొడవ పడేదానివి. ఇప్పుడు బాగున్నా జేజీ అని పెట్టేస్తున్నావు. అలవాటు పడ్డావేమో. పడి ఉండొచ్చు. నేను మాత్రం ఇక ఆ మాట నమ్మను.

ఈసారి నువ్వు ఫోను చేసినప్పుడు ముందు బిడ్డ ఎగిరిందా అని అడుగుతాను. తర్వాత నిన్ను అడుగుతాను. బాగున్నా అంటే మళ్లీ అడుగుతాను. విసుక్కో, పర్వాలేదు. నువ్వు విసుక్కుంటే ఆ పూట నేను అన్నం తింటాను.